నలభై గుమ్మాలకి ఒకే ఆకు

దుమ్ముకి 41 రోజులు

లక్షున్నాయుడుగారూ, మండలి గుమస్తాగా మీరు పంపిన ఫారం అందింది. ఇంట్లో యంత్రం పెట్టుకున్నవాళ్ళు రోజువారీ రాయాలట. చేసిన పని ఒక గడిలో, యంత్రం లోపాలు ఇంకో గడిలో. నా నోటి సంగతి మీకు తెలిసిందే కదా, మీ గడులు నాకు చాలవు. వెనక తెల్లకాగితాలు కుట్టుకున్నాను.

"యంత్రం ఎందుకు?" అని మొదటి ప్రశ్న. ఎందుకంటే కొత్త వీధిలో నలభై ఇళ్ళు కట్టి, నలభై గుమ్మాలకీ తడుముచెక్కలు నన్నే చెయ్యమన్నది మీరే కాబట్టి. ఒక్క చెక్కకి ఆరు రోజులు పడుతుంది. నలభై చెక్కలకి ఎన్ని రోజులో మీరే వేసుకోండి. దుమ్ము మాత్రం నలభై ఒక్క రోజుల్లో వచ్చేస్తుంది. దానికి నా మీద ఏం జాలి?

చెక్క లేకపోతే ఏమవుతుందో కూడా రాయమన్నారు. దుమ్ములో దీపం పనిచెయ్యదు, ఫోన్ పలకదు. ఎవరైనా సరే తాడు పట్టుకుని నడిచి, గుమ్మం పక్కన చెక్క తడిమి, మనదైతేనే లోపలికి పోవాలి. తాడుకి కొమ్మలు ఎక్కువ, ఇళ్ళు లెక్కపెట్టి పోదామంటే కుదరదు. మూడేళ్ళ కిందట పాకలవారి చిన్నాయన పొరపాటున చెక్క ఊడిపోయిన ఎవరింట్లోనో దూరి హాయిగా టీ తాగుతూ కూర్చున్నాడు. ఆయన ఇంటికి రాలేదని అన్నగారు వెతకడానికి బయటికెళ్ళాడు. ముక్కుగుడ్డ గంటసేపటికి మించి ఆగదు. దుమ్ము పోయాక అన్నగారు దొరికారు. అందుకే చెక్క కావాలి, అందుకే యంత్రం కావాలి. చాలా?

దుమ్ముకి 39 రోజులు

పెట్టె రేవు నుంచి వచ్చింది. మా ఆయన గౌరీసు, ఇంకో ముగ్గురూ కలిసి మోసుకొచ్చి పనిపాకలో దింపారు. దింపగానే మా ఆయన నడుం పట్టుకుని గాలిమరల డ్యూటీకి పారిపోయాడు. ఇంక దుమ్ము ముందు రోజుకి గానీ రాడు.

మా అత్త నూకాలమ్మ వచ్చి యంత్రాన్ని తల నుంచి కాళ్ళ దాకా తడిమింది. నాలుగేళ్ళయింది ఆమెకి చూపు పోయి. అంతకుముందు ఈ ఊళ్ళో ప్రతి గుమ్మం చెక్కా ఆమె చేతిదే. నాకు ఉలి పట్టుకోవడం నేర్పింది కూడా ఆమే. నేర్పినదాని కన్నా తిట్టింది ఎక్కువ.

"ఏటే చీమా, ఇది మంచవా?" అంది.

చీమ అంటే నేనే. నా పేరు పైడితల్లి. కాపురానికొచ్చి పదకొండేళ్ళయినా ఆ పేరు పెట్టి ఆమె పిలవగా వినలేదు. ఈ నేల మీద చీమల్లేవు, నేను బొమ్మలో తప్ప చూడలేదు. ఏదో అల్పజీవి అని మాత్రం తెలుసు.

"మంచం కాదత్తా, జంటచెక్కుడు యంత్రం. ఇటు వైపు ముల్లు, అటు వైపు కత్తి. రెంటినీ ఒకే కడ్డీకి బిగించారు. ముల్లుతో నమూనా మీద రాసుకుంటూ పోతే, అటు కొత్త చెక్క మీద కత్తి అలాగే చెక్కుతుంది."

"ముల్లు పట్టుకునీది ఎవులు?"

"నేనే."

"మరి నువ్వే చెక్కొచ్చు కదే!" అని వెళ్ళిపోయింది. పులిజూదానికి టైమయిందట. వీధి ఆ చివర సన్నాసమ్మ ఇంట్లో రోజూ ఆట. ఇద్దరికీ చూపు లేదు, ఇద్దరూ పులుల్ని దొంగిలిస్తారు.

దుమ్ముకి 36 రోజులు

యంత్రం లోపాలు, తీసుకోండి. నేల ఎగుడుదిగుడు. రసమట్టం పెడితే బుడగ ఒక మూలకి పోయి అక్కడే కూర్చుంది. కాళ్ళ కింద చెక్కముక్కలు దూర్చి దూర్చి మధ్యాహ్నానికి తిన్నగా చేశాను. అంతకుముందు చెక్కిన మొదటి చెక్కలో ఎడమ పక్క లోతు, కుడి పక్క గీతలు. చెక్కుడు కాదది, గోకుడు.

రెండో లోపం: కడ్డీ బరువంతా నా మణికట్టు మీదే. వెనక వైపు సమానంగా బరువు వేలాడదీయాలని పుస్తకంలో బొమ్మ ఉంది. బరువు మాత్రం పంపలేదు. ఇల్లంతా వెతికితే సరిగ్గా సరిపోయింది ఒక్కటే, అత్త రుబ్బురోలు పొత్రం. తాడేసి కట్టాను. అబ్బ, కడ్డీ వేలితో నెడితే పోతోంది!

సాయంత్రం వంటింట్లోంచి కేక. "చీమా! నా పొత్రం ఏదే?"

"చూడలేదత్తా," అన్నాను. అబద్ధం కాదు, అప్పుడు నేను గోడ వైపు చూస్తున్నాను.

దుమ్ముకి 34 రోజులు

నమూనా కోసం నా పాత చెక్కలు పెట్టి చూశాను. నావి లోతు తక్కువ, యంత్రంలో పడితే ఇంకా చప్పగా వస్తున్నాయి. ఊళ్ళో లోతైన పని, చేతికి దిట్టంగా తగిలే పని ఎవరిదో అందరికీ తెలుసు. అది మా గుమ్మానికే ఉంది. పెద్ద ఆకు ఒకటి, ఈనెలతో సహా, చెక్క మీంచి లేచి ముందుకి వంగి ఉంటుంది. కళ్ళున్నప్పుడు అత్త చేసిన పనుల్లోకెల్లా పెద్దది.

"మన గుమ్మం చెక్క జోలికెళ్ళకు," అని ఆమె ఒకసారి అననే అంది. అందుకే ఆమె ఆటకెళ్ళాక ఊడదీశాను.

మొదటి నకలు బూరెలా ఉబ్బి వచ్చింది. ఇదేం మాయరోగమని గంటసేపు తల పట్టుకున్నాక తెలిసింది. ముల్లు లావు, కత్తి సన్నం. రెండూ ఒకే లావు ఉండాలి. ముల్లుని అరగదీసి కత్తికి సమానం చేశాను. రెండో నకలు వచ్చింది నాయుడుగారూ, నిజం చెప్తున్నా, పక్కపక్కన పెడితే నాకే తేడా తెలియలేదు. పాకలో ఒక్కదాన్నే గెంతాను.

ఆకు వంగినచోట, దాని కిందికి ముల్లు వెళ్ళడం లేదు. యంత్రం పై నుంచే దిగుతుంది, చాటుగా పక్కకి దూరలేదు. అందుకని నకలులో ఆకు కింద ఖాళీ లేదు, చెక్క మూసుకుపోయి ఉంటుంది. ఆకు అడుగు ఎవరు చూస్తారులే అని వదిలేశాను.

అత్త వచ్చేలోపు చెక్క తిరిగి బిగించేశాను. ఆమె వచ్చింది, గుమ్మం తడిమింది, ముక్కు ఎగబీల్చింది.

"ఏటే, మన చెక్క ఎక్కడికైనా షికారెళ్ళొచ్చినాదా? మోటారు నూనె కంపు కొడతంది."

"తుడిచానత్తా."

"పదకొండేళ్ళలో తుడవనిది ఇయ్యాల తుడిచినావా?" అంది. నేను పొయ్యి దగ్గర చాలా పనున్నట్టు నటించాను.

దుమ్ముకి 20 రోజులు

రోజుకి రెండు చెక్కలు. జుట్టు నిండా వేపపొట్టు, అన్నంలో కూడా చేదే. ఇరవై ఎనిమిది అయ్యాయి.

అన్నీ ఒకేలా ఉంటే ఎలా అని మీరు మొన్న వచ్చి అడిగారు కదా. దానికి ఉపాయం ముందే వేశాను. చెక్క అడుగు అంచున తొలిచిన చుక్కలు. మొదటి ఇంటికి ఒక చుక్క, రెండో ఇంటికి రెండు, ప్రతి పదికీ పెద్ద చుక్క ఒకటి. మీరు కళ్ళు మూసుకుని తడిమి "పదమూడు" అన్నారు. అది పదమూడే. ఇద్దరం టీ తాగాం. మీ సంతకం కూడా ఉంది, తర్వాత నన్నొక్కదాన్నే అనకండి.

దుమ్ముకి 11 రోజులు

నలభై గుమ్మాలకీ నలభై చెక్కలు బిగించేశాం. కొత్తవాళ్ళు వచ్చి తడిమి తడిమి మురిసిపోయారు. పంతొమ్మిదో నంబరు జోగులుగారి భార్య బంగారమ్మ ఆకుకి పసుపు రాసింది. నాకు మాత్రం ఆ వీధిలో నడుస్తుంటే వింతగా ఉంది. ఏ గుమ్మం చూసినా మాదే.

దుమ్ముకి 9 రోజులు

పిల్లదుమ్ము వచ్చింది. పెద్దదానికి ముందు ఇలా ఓ పావుగంట వచ్చి పోతుంది, కనుక ఎవరూ కంగారుపడరు. నేను పప్పు పోపు పెడుతున్నా. తలుపు తీసుకుని ఒక మనిషి లోపలికొచ్చాడు. చెప్పులు విప్పాడు, ముక్కుగుడ్డ మేకుకి తగిలించాడు, పీట మీద కూర్చుని, "బంగారం, మంచినీళ్ళు," అన్నాడు.

గరిటె పట్టుకుని వచ్చి చూద్దును కదా, జోగులుగారు!

ఆయన నన్ను చూసి, మా అత్తని చూసి, పీట కింద పడ్డాడు. "అమ్మా తప్పయిపోయింది, చెక్క తడిమే వచ్చాను, మా ఆకే!"

"చుక్కలు లెక్కపెట్టలేదా అన్నగారూ? మా చెక్కకి అసలు చుక్కలే లేవు."

"దారిలో తడిమిన ఏ చెక్కకీ తగల్లేదమ్మా, అంతా నున్నగానే ఉంది."

దుమ్ము తగ్గగానే పరిగెత్తి వాళ్ళ గుమ్మానికెళ్ళాను. చుక్కలన్నిటిలో దుమ్ము కూరుకుపోయి సున్నం పూసినట్టు చదునుగా ఉన్నాయి. పావుగంట పిల్లదుమ్ముకే! నా పనిపాకలో, నా శుభ్రమైన బల్ల మీద, చేతులు కడుక్కుని లెక్కపెట్టాం మనం. దుమ్ము కోసం చేసిన చెక్కని దుమ్ములో పెట్టి చూడాలన్న బుద్ధి ఇద్దరికీ లేకపోయింది.

తిరిగొచ్చేసరికి అత్త పీట మీద కూర్చుని ఉంది.

"ఆ మడిసి మన ఆకు తడిమి మనింట్లోకి వచ్చినాడు. అంటే మన ఆకు ఆళ్ళ గుమ్మానికీ ఉన్నాదా?"

"ఉందత్తా."

"ఇంకెన్ని గుమ్మాలకి?"

చెప్పాను. ఆమె అరుస్తుందనుకున్నా. అరవలేదు. లేచి లోపలికి వెళ్ళి పడుకుంది. ఆమె అరవకపోవడం నేను ఇంతవరకూ చూడలేదు. నాకు చాలా భయమేసింది.

దుమ్ముకి 7 రోజులు

అత్త మాట్లాడటం లేదు. పొద్దున్నే సన్నాసమ్మ ఇంటికి పోతోంది, పొయ్యి వెలిగించే వేళకి వస్తోంది.

చుక్కల్ని లోతుగా తొలిచి చూశాను, గుప్పెడు దుమ్ము రాస్తే నిండాయి. మేకులు కొడితే చేతులు చీరుకున్నాయి. తాడు ముక్కలు కడితే గాలికి పోయాయి. కొత్తవాళ్ళందరినీ పాత వీధుల్లో సర్దమని మీ దగ్గరికొచ్చాను, నలభై కుటుంబాలకి చోటెక్కడ పైడితల్లీ అన్నారు. నిజమే, ఎక్కడుంది?

దుమ్ముకి 6 రోజులు అని రాయాలి, కానీ అది ఇవాళే వచ్చేసింది

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకోండి.

మధ్యాహ్నం ఆకాశం ఇటుక రంగుకి తిరిగింది. పిల్లదుమ్మేలే అనుకున్నా. పావుగంటయింది, అరగంటయింది, తగ్గలేదు. అత్త సన్నాసమ్మ ఇంట్లో ఉంది. అక్కడే ఉండిపోతే మంచిదే. కానీ మా అత్త సంగతి నాకు తెలుసు. దుమ్ము మొదలవగానే బయల్దేరి ఉంటుంది. సన్నాసమ్మ గుమ్మానికీ మా గుమ్మానికీ మధ్య ఇదివరకు ఖాళీ స్థలాలుండేవి, కళ్ళు లేకపోయినా తాడు పట్టుకుని తిన్నగా వచ్చేసేది. ఇప్పుడక్కడ పద్దెనిమిది కొత్త ఇళ్ళు. పద్దెనిమిదిటికీ మా ఆకే.

ముక్కుగుడ్డ కట్టుకుని బయటికెళ్ళాను. వెళ్ళకూడదని నాకు తెలుసు. పాకలవారి అన్నగారు గుర్తొచ్చారు కూడా. అయినా వెళ్ళాను.

మొదటి తలుపు తట్టాను. "వచ్చిందమ్మా మీ అత్తగారు, గుమ్మం తడిమింది, లోపలికి రమ్మంటే ఇది మా ఇల్లు కాదని పోయింది!" రెండో తలుపూ అదే మాట. జోగులుగారింట్లో అయితే బంగారమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లాగిందట. "వదల్లేదని నన్ను నానా మాటలూ అని విదిలించుకుపోయింది. నువ్వు రావడానికి చాలా ముందే. నువ్వైనా లోపలికి రా!"

నేనూ ఆగలేదు. ఏ కొమ్మతాడు దగ్గరో ఒకరినొకరం దాటిపోయి ఉంటాం, ఇంటి వైపే వెళ్ళుంటుందని వెనక్కి తిరిగాను. తాడు పట్టుకున్నాను. ఒక గుమ్మం వచ్చింది, తడిమాను, ఆకు. మాదేనా? ఇంకో గుమ్మం, ఆకు. అవే ఈనెలు, అదే వంపు. ఎక్కడో కొమ్మతాడులోకి తిరిగిపోయినట్టున్నాను. తలుపులు కొట్టాను, తెరవలేదు, ఇంకా మనుషులు రాని ఇళ్ళవి. మళ్ళీ ఆకు. మళ్ళీ ఆకు. ఆ ఆకులన్నీ నేను చేసినవే, నాకే మా ఇల్లు ఏదో తెలియలేదు. ముక్కుగుడ్డ బరువెక్కింది, ఊపిరి సగమే అందుతోంది. అప్పుడు ఏడ్చాను నాయుడుగారూ. ఏడిస్తే గుడ్డ ఇంకా తడిసి బురదైంది.

అప్పుడు వినపడింది. ధన్, ధన్, ధన్. రాతి మీద రాయి. ఆగుతోంది, మళ్ళీ మొదలవుతోంది. ఆ చప్పుడు వైపు తాడు మార్చుకుంటూ, పడుతూ లేస్తూ పోయాను. తలుపు తీసే ఉంది.

గడపలో మా అత్త కూర్చుని, రెండు చేతులా పొత్రం పట్టుకుని గడపరాతిని బాదుతోంది. జుట్టు నిండా దుమ్ము, చేతులు కొట్టుకుపోయి నెత్తురు.

నన్ను లోపలికి లాగి తలుపేసింది. నా ముక్కుగుడ్డ పీకేసింది. మొహమంతా తడిమింది. తర్వాత వీపు మీద ఒక్కటేసింది.

"ఎందుకెళ్ళినావే బయటికి! నాను రాకపోతే నువ్వు ఎతుక్కుంటా ఒస్తావని కదేటే, ఎవులు పిలిచినా ఆగకుండా ఒచ్చినాను! ఒచ్చి సూస్తే నువ్వు లేవు!"

నేను ఆమెని పట్టుకుని బావురుమన్నాను. ఆమె కూడా ఏడ్చింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "గట్టిగా చప్పుడు చేసీది ఏటైనా దొరుకుద్దేమోనని నీ మంచం తడిమితే, దాని తోకకి నా పొత్రం ఏలాడతంది. దొంగముండా," అంది.

"అత్తా, అన్ని ఆకుల్లో మన ఆకు నీకెలా తెలిసింది?"

"నీకెలా తెలీలేదే? కింద ఏలు పెట్టలేదా?"

తలుపు సందు చేసి, నా చెయ్యి పట్టుకుని బయటికి చాపింది. నా చూపుడువేలిని వంగిన ఆకు అడుగుకి నెట్టింది. అక్కడ ఖాళీ ఉంది, పొడిగా, శుభ్రంగా. దుమ్ము పై నుంచి, పక్కల నుంచి కొడుతుంది కానీ ఆకు అడుక్కి చేరదు. వేలికి ఏదో తగిలింది. బియ్యపుగింజంత. మూడు ఉండలు వరసగా, అటు మూడు ఇటు మూడు సన్నటి కాళ్ళు. నెత్తి మీద తనకన్నా పెద్ద మూట.

"నువ్వు కాపరానికొచ్చిన మర్నాడు చెక్కినాను," అంది అత్త. "నీకన్నా పెద్ద పెట్టి నెత్తినెట్టుకుని, ఎవుల్నీ సాయం అడక్కుండా ఈ గుమ్మంలోకొచ్చినావు. మా అమ్మమ్మ సెప్పీది, చీమ అంటే అలగుంటాదని. ఇల్లు మరవదని."

పదకొండేళ్ళుగా ఆ మాటకి లోపల్లోపల నొచ్చుకుంటూ వచ్చాను. పొత్రం కడిగి రోట్లో పెట్టాను.

దుమ్ముకి 4 రోజులు

మొన్న వచ్చింది మూడు గంటలు కొట్టి వెళ్ళిపోయింది. అసలుది ఇంకా రాలేదని గాలిమరల నుంచి మా ఆయన కబురు. మనుషులెవరికీ ఏమీ కాలేదు.

ఇప్పుడు జరుగుతున్న పని: నలభై చెక్కలూ ఊడదీసి తెచ్చాం. ఆకు కింద చెక్కని తొలిచి, లోపల ఒక గుర్తు. వంకర ఉలితో, చేత్తోనే. గుర్తుకి గంట పడుతోంది. నేనొక్కదాన్నే అయితే అయ్యే పని కాదు. నిన్న పొద్దున్న అత్త వచ్చి నా పక్కన కూర్చుని చెయ్యి చాపింది. నాలుగేళ్ళ తర్వాత ఉలి పట్టుకుంది. నాకన్నా జోరు.

ఏం చెక్కాలో ఇంటివాళ్ళనే చెప్పమంటున్నాం. బంగారమ్మ మంచినీళ్ళ చెంబు అడిగింది, ఈసారైనా మా ఇంట్లోనే నీళ్ళడుగుతాడని. ఇరవై ఏడో ఇంట్లో కొత్త జంట ఏమీ తేల్చుకోలేక పోట్లాడుకుంటున్నారు, పోట్లాడుకునే రెండు కోళ్ళు వేసేసింది అత్త. సన్నాసమ్మ తన పాత చెక్కకి కూడా కావాలంది. దానికి పులి. దొంగిలించిన పులి అని మా అత్త అందరికీ చెప్తోంది.

"పైపని బాగానే సేస్తాదే నీ మంచం," అని నిన్న యంత్రాన్ని కూడా మెచ్చుకుంది. బరువుకి ఇసకమూట కట్టాను. పొత్రం ముట్టుకోనని ఒట్టేశాను.

దుమ్ముకి 1 రోజు

నలభై చెక్కలూ బిగించాం. అందరి కళ్ళకీ గంతలు కట్టి నడిపించాం. జోగులుగారు తిన్నగా పంతొమ్మిదో ఇంట్లోకే వెళ్ళారు. బయట వినపడేటట్టు "బంగారం, మంచినీళ్ళు!" అని అరిచారు. వీధంతా నవ్వింది. గౌరీసు కూడా వచ్చేశాడు, వస్తూనే ఆకు కింద వేలు పెట్టి, "ఇదేదో ఉందే ఇక్కడ," అన్నాడు. ఆయన పుట్టి పెరిగిన ఇల్లది!

మీ ఫారం పంపేస్తున్నాను నాయుడుగారూ. ఆఖరి గడి ఖాళీగా ఉంచితే తిప్పి పంపుతారు కాబట్టి నింపాను.

యంత్రం లోపాలు: ఆకు కిందికి వేలు పెట్టలేదు. పదకొండేళ్ళు నేనూ పెట్టలేదు.